ఆమె రెండుసార్లు తట్టింది

యాకమ్మ తట్టలేదని మీకెవరు చెప్పారు?

మోచెయ్యి కీలు ఊడుతున్నా ఆ పిల్ల తట్టలేదట. పళ్లు బిగబట్టి పడుకుందట. ఓటమి ఒప్పుకోవడం దాని ఒంట్లోనే లేదట. కాజీపేట నుంచి సుబేదారి దాకా, జూడో అన్న మాట చెవిన పడ్డ ప్రతి ఇంట్లో ఈ కథ ఉంది. పెద్దవాళ్లు పిల్లలకు చెబుతారు. సభల్లో మైకు దొరికినవాళ్లు జనానికి చెబుతారు. చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా అది కళ్లారా చూడలేదు. ఏం జరిగిందో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకామె నోరు విప్పలేదు. రెండోదాన్ని నేను. ఈ కథ పుట్టింది నా నోట్లోంచే.

అది అబద్ధం. ఆమె తట్టింది. రెండుసార్లు తట్టింది.

పాతికేళ్లు దాటింది. ఇన్నాళ్లూ మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. మోసేదైతే ఎక్కడో ఒకచోట దించి ఊపిరి తీసుకుంటాం కదా. ఇది అట్లాంటిది కాదు. పంటి సందున ఇరుక్కున్న మామిడి పీచు. తింటున్నా, మాట్లాడుతున్నా, ఎవరితోనో జగడమాడుతున్నా నాలుక పోయి అక్కడే తడుముతుంది. నా నోరు మంచిది కాదని ఆఫీసులో అందరూ అంటారు. నిజమే, మంచిది కాదు. ఎంత మంచిది కాదో వాళ్లకు తెలియదు. మీకు చెబుతున్నాను.

జూడో తెలియనివాళ్లకు ముందు తట్టడమంటే ఏందో చెప్పాలి. అది జపాన్ వాళ్ల ఆట, కుస్తీ లాంటిది. ఎదుటి మనిషిని ఎత్తి వెల్లకిలా పడేస్తే గెలుపు. పడ్డాక కూడా ఆట ఉంటుంది. మోచేతిని వంగకూడని వైపు వంచి లాక్ వేయొచ్చు. ఇక తప్పించుకునే దారి లేదనుకున్నవాళ్లు ఖాళీగా ఉన్న చేత్తో నేల మీదో, లాక్ వేసినవాళ్ల ఒంటి మీదో రెండుసార్లు తడతారు. ఓడిపోయిన, వదులు అని అర్థం. తట్టగానే వదలాలి. ఆ క్షణమే వదలాలి. ప్రపంచంలో ప్రతిదాని మీదా వాదన పెట్టుకున్నాను గానీ దీని మీద నేను కూడా పెట్టుకోలేదు. ఆట మొత్తం నిలబడ్డది ఆ నమ్మకం మీదే. నేను తడితే నువ్వు వదులుతావు. అది లేకపోతే ఎవరు మాత్రం తమ చెయ్యి తీసుకుపోయి ఇంకొకరి చేతిలో పెడతారు?

మాకు నేర్పిన సార్ ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఉత్తరాదికి పోయి నేర్చుకుని వచ్చాడు. ఎనభైల మొదట్లో ఆడపిల్లలకు జూడో అంటే హన్మకొండలో నవ్వేవాళ్లు. "లగ్గమైనంక మొగన్ని ఎత్తేస్తదా ఏంది?" అని మా మేనత్త మా నాన్నను అడిగింది. మా నాన్న గుమాస్తా, ఉత్త భయస్తుడు. ఆ ఒక్క మాటకు ఎక్కడలేని పౌరుషం వచ్చి నన్ను పంపించాడు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను.

పాత గోదాము ఒకటి ఇచ్చారు. అసలు మ్యాట్లు మేం ఫొటోల్లోనే చూశాం. రైసుమిల్లు నుంచి ఊక తెచ్చి గోనె సంచుల్లో కుక్కి, సంచులు పక్కపక్కన పరిచి, మీద టార్పాలిన్ లాగి కట్టాం. మనిషి పడ్డప్పుడల్లా సంచుల కుట్లలోంచి ఊక చిమ్మేది. మెడ మీద పడితే ఒకటే దురద. సాయంత్రానికి గోదామంతా ఊకే. దాన్ని ఊడ్వడానికి సార్ ఒక రూలు పెట్టాడు. ఆ రోజు తట్టినవాళ్లు ఊడవాలి. ఆయన తమాషాకే పెట్టాడు. ఆ తమాషా వల్ల ఏమైందంటే, మేం ఆలస్యంగా తట్టడం నేర్చుకున్నాం. ఇంట్లో ఎట్లాగూ చీపురు తప్పదు, ఇక్కడ కూడానా అని నొప్పిని ఇంకాస్త ఓర్చుకునేవాళ్లం. మగపిల్లలకు ఆ రూలు పనిచేసేది కాదు. వాళ్లు ఊడ్వకుండానే పోయేవాళ్లు.

గోడ మీద ఒక ఫొటో ఉండేది. ఏదో ఇంగ్లిషు పత్రికలోంచి కత్తిరించింది. జపాన్ ఛాంపియన్ ఒకాయన, చెవులు నలిగిపోయి, మెడ కనిపించకుండా ఉండేవాడు. పేరు సార్ ఒక్కోరోజు ఒక్కో తీరుగా పలికేవాడు, అందుకని మాకు ఆయన జపానాయన. వాన పడి కరెంటు పోతే సార్ ప్రాక్టీసు ఆపి ఆయన కథ ఎత్తుకునేవాడు. జపానాయన మొదటి పోటీలోనే ఓడిపోయాడట. ఓడించినవాడి ఊరికే పోయి, వాడి దగ్గరే నేర్చుకుని, రెండేళ్లకు వాణ్ణే పడేశాడట. ఆ తర్వాత వరసగా గెలుపులు. ఒక ఫైనల్లో చెయ్యి లాక్‌లో పడిందట. విరిగింది గానీ తట్టలేదట. మరుసటి ఏడు అదే చేత్తో అదే మనిషిని ఎత్తేసి టైటిల్ పట్టుకుపోయాడట. ఇందులో ఎంత నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. విరిగింది ఒక వానకు కుడి చెయ్యి, ఇంకో వానకు ఎడమ చెయ్యి. "సార్, పోయినసారి ఎడమ అన్నరు" అని నేనే పట్టుకున్నాను. అందరూ నవ్వారు. యాకమ్మ నవ్వలేదు. ఆమె ఫొటో వైపే చూస్తోంది.

యాకమ్మ కాజీపేట పిల్ల. వాళ్ల నాయిన రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఇంటర్ చదివేది. పొట్టి మనిషి, మాట తక్కువ. ఆమె ఎత్తేస్తే ఎట్లా ఉండేదంటే, మీరు నిలబడి ఉంటారు, తర్వాత గోదాము పైకప్పు కనిపిస్తుంది. మధ్యలో ఏమైందో తెలియదు. రెండేళ్లు వరసగా రాష్ట్రంలో ఆమెదే మొదటి స్థానం. నాదీ ఆమెదీ ఒకటే బరువు. అందుకని రోజూ ఆమెకు జోడీ నేనే. అంటే రోజూ పైకప్పు చూసేది నేనే. నన్ను అక్కా అనేది. పడేశాక చెయ్యి అందించి లేపుతూ "దెబ్బ తాకిందా అక్కా?" అని అడిగేది. దొంగ మర్యాద కాదు, నిజంగానే అడిగేది. అదే నాకు మంట.

జాతీయ పోటీలకు ఒక్కో బరువుకు ఒక్కరినే పంపుతారు. సార్ యాకమ్మ పేరు రాశాడు. నేను లేచి నిలబడ్డాను. ట్రయల్ పెట్టకుండా ఎట్లా పంపుతారు, రూలు రూలే కదా అన్నాను. సార్ నవ్వాడు. "రోజూ పొద్దుగూకంగ ఈడ అయ్యేది ఏందే బిడ్డా మరి?" అన్నాడు. పిల్లలంతా పగలబడి నవ్వారు. "పెట్టుండ్రి సార్, అక్క అడుగుతాంది గదా" అంది యాకమ్మ. సార్ అక్కర్లేదని చెయ్యి ఊపాడు. సార్ నవ్వింది మర్చిపోయేదాన్నేమో. ఆమె నా తరఫున అడగడం మర్చిపోలేదు.

అది జరిగిన నాలుగో రోజు.

పరీక్షల కాలం, ఐదుగురమే వచ్చాం. ప్రాక్టీసు దాదాపు అయిపోయింది. ముగ్గురు బయట నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. సార్ తలుపు దగ్గర ఎవరో పిల్ల తండ్రితో మాట్లాడుతున్నాడు. ఆయన వీపు మావైపు ఉంది. నేనూ యాకమ్మా కింద పడి పెనుగులాడుతున్నాం. ఆమె కుడి చెయ్యి ఒక్క క్షణం ఒంటరిగా దొరికింది. నేను పట్టేశాను. రెండేళ్లలో మొదటిసారి. వెల్లకిలా పడి, కాళ్లు ఆమె ఛాతీ మీద వేసి, మణికట్టు నా రొమ్ముకు హత్తుకుని నడుము పైకెత్తాను. లాక్ పడింది. పుస్తకంలో బొమ్మలాగా పడింది.

ఆమె తట్టింది. ఎడమ అరచేత్తో, నా పిక్క మీద, రెండుసార్లు. నెమ్మదిగా కూడా కాదు. గట్టిగా, స్పష్టంగా.

నాకు తెలిసింది. తెలియలేదని చెప్పుకోవడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను. ఊక చప్పుడనుకున్నాననీ, కాలు తిమ్మిరెక్కిందనీ. లేదు. తెలిసింది. తెలిసి పట్టుకునే ఉన్నాను.

ఎందుకు? కోపంతోనా? కోపం అని రాస్తే సులువుగా పోతుంది, చదివే మీకూ అర్థమవుతుంది. ఆ క్షణంలో నాకు కోపం లేదు. చెయ్యి విరగ్గొట్టాలని కూడా లేదు. మరేముంది? సార్ ఇటు తిరగాలని ఉంది. అంతే. యాకమ్మ చెయ్యి నా చేతుల్లో ఉండడం, ఆమె తడుతుండడం ఆయన చూడాలి. ఇప్పుడు వదిలేస్తే ఏం మిగిలింది? ఎవరూ చూడని గెలుపు. రేపు నేను చెబితే మళ్లీ నవ్వుతారు. అందుకని సార్ వీపు చూస్తూ పట్టుకున్నాను. తిరుగు సార్, జర తిరుగు అనుకుంటూ పట్టుకున్నాను. ఆమె చెయ్యి మూడోసారి లేచింది. సార్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను నడుము ఇంకొంచెం ఎత్తాను.

చప్పుడేమీ పెద్దది కాదు. నా చెవికి కాదు, నా చేతులకు తెలిసింది. ఆ తర్వాత యాకమ్మ అరిచింది.

అప్పుడు తిరిగాడు సార్. నేను కోరుకున్నట్టే.

ఉరికొచ్చాడు. ఆమె మోచెయ్యి చూశాడు. అది ఉండాల్సిన చోట లేదు. ముందు నన్నే అడిగాడు. "తట్టలేదా?"

"తట్టలే సార్."

అంతే. రెండు మాటలు. ఆలోచించి చెప్పలేదు. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందే ఉంటుంది. సార్ ఆమె వైపు వంగి, "తట్టకపోతివా బిడ్డా?" అన్నాడు. యాకమ్మ నన్ను చూసింది. ముఖమంతా చెమట, జుట్టు నిండా ఊక. నన్నే చూస్తూ ఉంది. ఏమీ అనలేదు.

సార్ ముఖంలో భయం ఉంది. భయంతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది, నేను కళ్లారా చూశాను. ఆయన తలెత్తి గోడ మీది ఫొటో వైపు చూశాడు. "జపానాయన లెక్కనే" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. నల్లా దగ్గరి నుంచి ఉరికొచ్చిన ముగ్గురు పిల్లలు ఆ మాట విన్నారు. కథ అక్కడ మొదలైంది. మర్నాటికి కాలేజీలో ఉంది. వారానికి కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉంది.

వాళ్ల నాయిన ఆమెను కట్టు కట్టేటాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి కట్టాడు. నెల తర్వాత విప్పితే చెయ్యి చాచలేకపోయింది. అప్పుడు దవాఖానకు పోయారు. ఆలస్యమైందన్నారు. ఇప్పటికీ ఆ మోచెయ్యి సగం వంగే ఉంటుంది. ఆమె ఆట అయిపోయింది. పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు.

తప్పు కట్టు కట్టినాయనది అని ఎన్నేళ్లు వాదించానో. నేరుగా దవాఖానకు పోయి ఉంటే బాగయ్యేదే కదా? తప్పు సార్‌ది, ఆ చీపురు రూలు ఎవరు పెట్టమన్నారు? నాకు మాత్రం ఎంత వయసు? ఇవన్నీ నాతో నేనే వాదించాను, వాదించిన ప్రతిసారీ గెలిచాను. ఎదుటి పక్షం మాట్లాడకపోతే గెలుపెంతసేపు?

నిజానికి ఎదుటి పక్షం ఒకసారి మాట్లాడింది.

దెబ్బ తగిలిన నాలుగో రోజు బత్తాయిలు పట్టుకుని కాజీపేట పోయాను. వాళ్ల నాయిన డ్యూటీలో ఉన్నాడు. అమ్మ నన్ను చూసి సంబరపడి, కూసో బిడ్డా అని పీట వేసి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. యాకమ్మ నులక మంచం మీద పడుకుని ఉంది. కట్టు మీద ఈగలు వాలుతుంటే ఎడమ చేత్తో తోలుకుంటోంది. నొప్పి ఎట్లా ఉందని అడగబోయాను. ఆమే ముందు అడిగింది.

"ఊక ఎవలు ఊడుస్తాండ్రు అక్కా?"

"నేనే."

"నువ్వెందుకు? తట్టింది నేను గదా."

ఎత్తిపొడుపు లేదు. ఏడుపు లేదు. నేను రూలు మర్చిపోతే గుర్తుచేసినట్టు అంది. నేను ఏమనాలి? అనాల్సింది ఒక్కటే, అది నాకు తెలుసు. అంతలో వాళ్లమ్మ చాయ్ తెచ్చింది. నేను ఆ చాయ్ తాగాను. చివరి గుక్కదాకా తాగాను. పోయొస్త అని లేచి వచ్చాను.

జాతీయ పోటీలకు యాకమ్మ పేరు కొట్టేసి నా పేరు రాశారు. పోయాను. మొదటి ఆటలోనే ఒక పంజాబీ పిల్ల నన్ను కింద పడేసి చెయ్యి లాగింది. ఇంకా నొప్పి కూడా మొదలు కాలేదు, నేను తట్టేశాను. దబదబా తట్టాను. ఆమె ఆ క్షణమే వదిలింది. వదిలి, చెయ్యి అందించి లేపింది. మా ఇద్దరికీ భాష కలవదు. ఏదో అడిగింది, దెబ్బ తగిలిందా అనే అయి ఉంటుంది. నేను మ్యాట్ అంచున కూర్చుని ఏడిస్తే అందరూ ఓడిపోయినందుకు అనుకున్నారు.

పోటీలో పాల్గొన్నందుకు ఇచ్చిన కాగితం తర్వాత ఉద్యోగానికి పనికొచ్చింది. ఇవాళ సుబేదారిలో ఫ్యాను కింద కూర్చునే కుర్చీ ఆ కాగితం మీదే నిలబడింది. జూడో మళ్లీ ఆడలేదు. యాకమ్మను నేను ఓడించింది జీవితంలో ఆ ఒక్కసారే. ఎవరైనా చూడాలని అంత తాపత్రయపడ్డ ఆ గెలుపును 'తట్టలే' అని నేనే కొట్టేసుకున్నాను. దీనికి నవ్వాలో ఏం చేయాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇన్నేళ్లు నోరు మూసుకున్నదాన్ని ఇప్పుడెందుకు తెరుస్తున్నానంటే, పోయిన నెల జరిగింది చెప్పాలి.

యాకమ్మ ఒక బడిలో ఆయాగా పనిచేస్తుంది. సాయంత్రాలు అదే బడిలో ఆడపిల్లలకు జూడో నేర్పుతుంది. వంగిన చేత్తోనే. ఇప్పుడు వాళ్లకు అసలు మ్యాట్లున్నాయి. ఆమె శిష్యురాలు ఒకతె రాష్ట్ర పోటీల్లో గెలిస్తే బడిలో సన్మానం పెట్టారు. నన్ను ఆఫీసరునని, ఆ తరం క్రీడాకారిణినని స్టేజీ ఎక్కించారు. మైకు చేతికిచ్చి, "మేడమ్, ఆ రోజు మీరే ఉన్నరట గదా, చెప్పుండ్రి" అన్నారు.

చెప్పాను. కీలు ఊడినా తట్టలేదని చెప్పాను. జపానాయన కథ కూడా కలిపి చెప్పాను, గొంతు వణికించి మరీ. చప్పట్లు మోగాయి. యాకమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమె కొట్టలేదు. ఎడమ అరచెయ్యి తొడ మీద పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

స్టేజీ దిగుతుంటే ఒక పిల్ల నా ముందుకొచ్చింది. ఎనిమిదో తొమ్మిదో చదువుతుంది. మోచేతికి సిమెంటు కట్టు. దాన్ని పతకం చూపించినట్టు ఎత్తి చూపించింది. "నేను గూడ మా మేడమ్ లెక్కనే మేడమ్. కట్టు పడ్డది గానీ తట్టలే."

వెనక నుంచి యాకమ్మ వచ్చింది. "నీకు ఎన్నిసార్లు చెప్పిన్నే? ముందుగాల తట్టుడు నేర్చుకో, ఎత్తేసుడు ఎనుక. తట్టుడు సిగ్గు గాదు." పిల్ల గడుసుది, నాలాంటిదే. "మరి మీరు తట్టిండ్రా మేడమ్?" అంది.

యాకమ్మ నన్ను చూసింది. అదే చూపు. జుట్టు నెరిసింది, చూపు మారలేదు. ఇద్దరం నోళ్లున్నవాళ్లమే, ఎదురుగా చిన్నపిల్ల, అడిగింది ఒక్క ప్రశ్న. "పో, కుర్చీలు ఎత్తిపో" అంది యాకమ్మ పిల్లతో. నేను నా బ్యాగు సర్దుకున్నాను.

ఆ సిమెంటు కట్టు నా కథ వేసిన కట్టు. ఒక చెయ్యి నా నడుముతో విరిచాను, ఇంకో చెయ్యి నా నోటితో. ఇంకెన్ని? అందుకే రాస్తున్నాను. పిల్లలూ, మీ మేడమ్ తట్టింది. సరైన సమయానికి తట్టింది. ఆట తెలిసిన మనిషి తట్టాల్సినట్టే తట్టింది. ఆట తప్పింది పట్టుకున్న మనిషి.

దీని కింద నా పేరు పెట్టడం లేదు. పిరికితనమే, వేరే పేరెందుకు? యాకమ్మ పేరు కూడా మార్చాను. మా ఊళ్లో చదివినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకోనీ. క్షమించమని అడగను. అడిగితే ఆమె ఏదో ఒకటి అనాలి కదా, ఆ పని కూడా ఆమె మీదికే నెట్టలేను. రాశాక తేలికైందా అంటే, పంటి సందున పీచు అక్కడే ఉంది. కొస మాత్రం మొదటిసారి వేళ్లకు దొరికింది.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ తెగదు. నా అబద్ధం ఎందుకో నాకు ఎరుకే, భయం. నీ సంగతేంది యాకమ్మా, నా మీద జాలా నీకు? సార్ ముఖంలో ఆ వెలుగు చూసి దాన్ని ఆర్పబుద్ధి కాలేదా? గ్యాంగ్‌మన్ బిడ్డ మాట ఎవరు వింటారులే అనుకున్నావా? లేక ఆ జపానాయన కథ నీకు కూడా నిజంకంటే ముద్దొచ్చిందా? మంచం మీద పడుకుని, తట్టింది నేనేనని నాతో అంత నిమ్మళంగా అన్నదానివి.

సార్ నిన్ను గూడ అడిగిండు గదా యాకమ్మా. ఎందుకు చెప్పలే?